కేటు షెపర్డు

పసిఫిక్కు మహాసముద్రమున, ఆస్ట్రేలియాకు ఆగ్నేయదిశను, న్యూజిలాండను ద్వీపదేశ మున్నది. స్వయంపాలన గల దేశములలో స్త్రీలందఱకును పార్లమెంటు ఎన్నికల ఓటు నొసంగిన మొదటి దేశ మదియే. ఆ హక్కును సాధించిన వారిలో అగ్రగణ్యురాలు కేటు షెపర్డు.

ఈమె ఇంగ్లండునందలి లివర్‌పూలు నగరమున జన్మించెను. తండ్రి గతించిన పిమ్మట తల్లితోను తోబుట్టువులతోను ఓడనెక్కి 1869లో న్యూజిలాండునందలి క్రైస్టుచర్చి పట్టణము చేరెను. 1871లో వాల్టరు షెపర్డను వర్తకుని వివాహమాడెను.

1879 నాటికే అచ్చటి పురుషులకు, ఆస్తి యున్నను లేకున్నను, ఓటు లభించినది. స్త్రీలకు లేదు. 1885లో మద్యపాన నిషేధమునకై యేర్పడిన స్త్రీల సంఘమున కేటు చేరెను. పిల్లలకు సారాయము నమ్మరాదని సంఘమువారు పంపిన మహజరును పార్లమెంటువారు త్రోసిపుచ్చిరి. ఓటు లేనివారి మొర నెవరు విందురు? 1887 మొదలుకొని ఓటుహక్కు ప్రచారభారమంతయు ఆమెయే వహించెను.

ఆ మహజరుల లెక్క చూడదగినది. 1891లో 9,000కు పైగా చేవ్రాళ్లు వచ్చినవి. మఱుసటి యేట అంతకు రెట్టింపు. 1893లో దాదాపు 32,000. ఊరూర నుండి వచ్చిన కాగితములను కేటు ఒకదాని కొసకు మఱొకటి అంటించి, చీపురుకఱ్ఱ ముక్కకు చుట్టెను. దాని పొడవు సుమారు 270 మీటర్లు. సర్ జాన్ హాలను సభ్యుడు ఆ చుట్టను సభామధ్యమున దొర్లింపగా అది పోయి అవతలి గోడకు తగిలెనట! అంకెలను లక్ష్యపెట్టని వారికి కాగితము పొడవు కన్నులకు కట్టియుండును. ఆ చుట్ట నేటికిని వెల్లింగ్టనునందలి జాతీయ గ్రంథాలయమున భద్రముగా నున్నది.

ప్రధాని సెడ్డను ఇందుకు విముఖుడు. ఎగువసభలో బిల్లు నోడింపనెంచి తన పక్షపు సభ్యు నొకనికి తంతి పంపి మనసు మార్పించెను. ఈ జోక్యమునకు కినిసి, అంతవఱకు బిల్లునకు వ్యతిరేకులైన ప్రతిపక్షసభ్యు లిరువురు అనుకూలముగా ఓటు వేసిరి. తాను త్రవ్విన గోతిలో తానే పడుట యనగా ఇదియే. 20 ఓట్లకు 18 ఓట్లతో బిల్లు నెగ్గెను. 1893 సెప్టెంబరు 19న గవర్నరు సంతకము చేసెను. మావోరీ స్త్రీలకును ఈ హక్కు వర్తించినది.

ఎన్నికలు నవంబరు 28న. ఇంత స్వల్పకాలములో 1,09,461 మంది స్త్రీలు జాబితాల కెక్కిరి. 90,290 మంది ఓటు వేసిరి. మన మదరాసు రాజధానిలో స్త్రీలకు, అదియు ఆస్తి గలవారికే, శాసనసభ ఓటు వచ్చినది 1921లో.

అయినను కేటు కోరినదంతయు దక్కలేదు. ఓటు వేయవచ్చునేకాని స్త్రీ అభ్యర్థిగా నిలువరాదు. 1896లో జాతీయ మహిళామండలి ప్రథమాధ్యక్షురాలై ఆమె ఇందుకును పాటుపడెను. ఆ యడ్డు 1919లో గాని తొలగలేదు. అప్పటి కామె డెబ్బదేండ్లు దాటిన వృద్ధురాలు. ఏకైకపుత్రుడు 1910లోనే గతించెను. 1933లో క్రైస్టుచర్చి చెంతనున్న లిటెల్టను నుండి ఎలిజబెత్తు మెకూంబ్సు ఆ దేశపు తొలి మహిళాసభ్యురాలుగా నెన్నికయ్యెను. ఆ వార్త వినుటకు కేటు జీవించియుండెను. మఱుసటి యేడు, 1934 జూలై 13న, క్రైస్టుచర్చిలోనే ఆమె కన్నుమూసెను.