షెర్లాక్ హోమ్స్‌కు రూపమిచ్చిన నటుడు

సర్ ఆర్థర్ కోనన్ డాయిల్ సృష్టించిన అపరాధ పరిశోధకుడు షెర్లాక్ హోమ్స్ లోకప్రసిద్ధుడు. ఆ పాత్రను రంగస్థలంపైనా, వెండితెరపైనా ధరించి, తరువాతివారికి ఒరవడి దిద్దిన అమెరికా నటుడు విలియం జిలెట్.

1853 జూలై 24న కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో జిలెట్ జన్మించాడు. తండ్రి ఫ్రాన్సిస్ సెనేట్ సభ్యుడు. బానిసత్వ నిర్మూలనకు పాటుపడినవాడు. కుమారుడు మాత్రం నాటకరంగాన్ని వరించి, నటునిగానే గాక రచయితగా కూడా పేరు గడించాడు. బిగ్గరగా పలకడం, చేతులు విసరడం గొప్ప నటనగా చెల్లిన ఆ రోజుల్లో నిబ్బరం, మితభాషణ అతనికి అలంకారాలైనాయి.

డాయిల్ 1893లోనే కథలో హోమ్స్‌కు మరణం కల్పించాడు. అనంతరం ఆ పాత్రతో తానే ఒక నాటకం వ్రాయగా, నిర్మాత చార్లెస్ ఫ్రోమన్ ద్వారా అది జిలెట్ చేతికి వచ్చింది. జిలెట్ దానిని కొత్తగా మలచసాగాడు. బ్రహ్మచారియైన హోమ్స్‌కు వివాహం చేయవచ్చునా అని తంతి ద్వారా అడుగగా, పెండ్లి చేసినా ప్రాణం తీసినా తనకు అభ్యంతరం లేదని డాయిల్ బదులిచ్చాడు. ఇంతలో, 1898లో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని బాల్డ్విన్ హోటల్ అగ్నికి ఆహుతి కాగా వ్రాతప్రతి భస్మమైంది. జిలెట్ అధైర్యపడక మళ్లీ వ్రాశాడు. 1899లో నాటకం రంగమెక్కింది.

కథలో హోమ్స్ మేధాశక్తిని డాక్టర్ వాట్సన్ వర్ణించి చెబుతాడు. ప్రేక్షకునికి అది కంటికి కనబడాలి. అందుచేత జిలెట్ ఆలోచనను క్రియగా మార్చాడు. ఒక ఘట్టంలో దుండగులు చుట్టుముట్టగా హోమ్స్ దీపం పగులగొడతాడు. చీకటిలో మెరిసే చుట్ట నిప్పును చూసి వారు కిటికీవైపు పరుగెత్తుతారు. చుట్టను అక్కడ ఉంచి హోమ్స్ ద్వారం గుండా తప్పించుకుంటాడు. ఇట్టి నేర్పువల్లనే జిలెట్ ఆ వేషాన్ని సుమారు 1,300 సార్లు ధరించగలిగాడు. 1905లో లండన్‌లో అతనితోపాటు పనికుర్రవాని వేషం వేసిన బాలుడు చార్లీ చాప్లిన్.

1916లో ఎస్సనే సంస్థ ఆ నాటకాన్ని మూకీ చిత్రంగా నిర్మించింది. అప్పటికి అరవై దాటిన జిలెట్ అందులో నాయకుడు. మాట లేని తెరపై అతని నిబ్బరమే మాటయింది. కాని కాలక్రమాన చిత్రం ప్రతులు కనుమరుగైనాయి. 1937 ఏప్రిల్ 29న జిలెట్ కన్నుమూశాడు. ఆ మహానటుని హోమ్స్ పాత్ర ప్రధానంగా గ్రంథాలలో వర్ణనగానూ, ఛాయాచిత్రాలుగానూ మిగిలింది.

2014లో పారిస్‌లోని ఫ్రెంచి చలనచిత్ర భాండాగారంలో ఆ చిత్రం బయటపడింది. మరుసటి సంవత్సరం పునరుద్ధరించి ప్రదర్శించారు. నటుని కళ నటునితోనే అంతరిస్తుందనే మాట జిలెట్ విషయంలో దాదాపు నూరేళ్ల తరువాత అబద్ధమైంది.