అర్జీ వెనుక నిలిచిన మనిషి: కాచలియా సేఠ్ జీవితం

మన సంఘం ఆఫీసు మెట్లెక్కి వచ్చేవారిలో చాలామంది ఏదో ఒక కాగితం కోసం వచ్చేవారే. ఒకరికి రేషన్ కార్డులో పేరు తప్పు పడింది. ఇంకొకరికి కుల ధృవీకరణ పత్రం కావాలి. గల్ఫ్‌కు పోయే కుర్రవాడికి పాస్‌పోర్టులో తండ్రి పేరు సరిచేయించాలి. వేలిముద్ర అరిగిపోయి మిషను తీసుకోవడం లేదని ముసలమ్మలు వచ్చి కూర్చుంటారు. మన భద్రాచలం అడవి అంచున దుమ్ముగూడెం, చర్ల వైపు చూస్తే, 2005 తరువాత బస్తర్ గొడవలకు తాళలేక సరిహద్దు దాటి వచ్చి గుడిసెలు వేసుకొన్న గుత్తికోయలు ఉన్నారు. కాగితం లేని మనిషి బ్రతుకు ఎట్లా ఉంటుందో వారిని చూస్తే తెలుస్తుంది.

కనుక ఈ సంచికలో, కాగితం పేరుతో మనిషి పరువు తీసే చట్టానికి అడ్డు నిలిచిన ఒక పెద్దమనిషి జీవితాన్ని మన సభ్యుల ముందు, వారి పిల్లల ముందు పెట్టాలనుకొన్నాము. ఆయన పేరు అహమ్మద్ మహమ్మద్ కాచలియా. గుజరాతు నుంచి దక్షిణాఫ్రికాకు వెళ్లి స్థిరపడిన వర్తకుడు. గాంధీగారు తాను వ్రాసిన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో ఆయనను ఎంతో గౌరవంతో తలచుకొన్నారు. అయినా మన ప్రాంతంలో ఆ పేరు విన్నవారు తక్కువ.

ఆ దేశానికీ మన తెలుగువారికీ ఉన్న సంబంధం ముందు చెప్పుకోవాలి. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ నేటాల్‌లోని డర్బను రేవు చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలను ఎక్కించుకొని వెళ్లిన మొదటి ఓడ అది. 1911 వరకు సుమారు లక్షా యాభై రెండు వేల మంది అట్లా వెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రాష్ట్రం వారు, అందులో తమిళులతోపాటు మన తెలుగువారూ ఉన్నారు. ఇప్పటి మన భద్రాచలం కూడా ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రంలోనిదే. కూలీల వెనుక గుజరాతీ ముస్లిం వర్తకులు తమ ఖర్చులతో వెళ్లి దుకాణాలు పెట్టుకొన్నారు. అక్కడి తెల్ల దొరలకు కూలీ కావాలి గాని, పక్కన కొట్టు పెట్టుకొని పోటీ పడే ఇండియావాడు అక్కరలేదు. చిక్కంతా అక్కడే మొదలయింది.

1906 ఆగస్టులో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఒక చట్టం ముసాయిదా ప్రకటించింది. ఎనిమిదేళ్లు దాటిన ప్రతి ఇండియావాడూ తిరిగి పేరు నమోదు చేయించుకోవాలి. పది వేళ్ల ముద్రలూ వేయాలి. సర్టిఫికెట్టు ఎప్పుడూ జేబులో ఉంచుకోవాలి. పోలీసు అడిగితే చూపించాలి. చూపలేకపోతే జుల్మానా, జైలు, లేదంటే దేశం నుంచి వెళ్లగొట్టడం. దొంగతనంగా ఇండియావాళ్లు దేశంలోకి చొరబడుతున్నారనీ, దానిని ఆపడానికే ఈ సంస్కరణ అనీ సర్కారు చెప్పింది. కొద్దిమంది మీద అనుమానంతో జాతి మొత్తాన్ని నేరస్థుల పట్టీలోకి ఎక్కించడమే అది.

అప్పుడు మనవాళ్లు ఊరుకోలేదు. జోహన్నెస్‌బర్గులో హమీదియా ఇస్లామిక్ సొసైటీ అనే సంఘం ఉండేది. మన సంఘం వంటిదే అనుకోండి. దాని పెద్దలూ, బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్ వారూ కలిసి 1906 సెప్టెంబరు 11న ఎంపైర్ నాటకశాలలో పెద్ద సభ పెట్టారు. ఆ చట్టానికి లోబడేది లేదని అల్లాను, ఈశ్వరుణ్ణి సాక్షిగా పెట్టుకొని ప్రమాణం చేద్దామని హాజీ హబీబ్ అనే వర్తకుడు లేచి అన్నారు. సభంతా నిలబడి ప్రమాణం చేసింది.

ప్రమాణంతో ఆగలేదు, చట్టసభల దాకా వెళ్లారు. హమీదియా సొసైటీ పెద్ద హాజీ వజీర్ అలీ, గాంధీగారు ఇద్దరూ లండనుకు రాయబారం పోయారు. అక్కడ వలస దేశాల మంత్రి ఎల్గిన్ ప్రభువును, ఇండియా మంత్రి మార్లేను కలిశారు. పార్లమెంటు సభ్యులను ఒక్కొక్కరినీ కలిసి, కాగితాలు పంచి, కామన్స్ సభ భవనంలోనే సభ్యులకు తమ బాధ చెప్పుకొన్నారు. ఓడలో తిరిగివస్తూ మదీరా దగ్గర ఉండగా, చట్టానికి రాజుగారి ఆమోదం దొరకలేదని తంతి అందింది. అందరూ సంతోషించారు. కాని ఆ సంతోషం మూణ్ణాళ్ల ముచ్చటే అయింది. 1907 జనవరి 1న ట్రాన్స్‌వాల్‌కు స్వపరిపాలన వచ్చింది. కొత్త పార్లమెంటు మార్చి నెలలో అదే చట్టాన్ని ఒక్క రోజు బైఠక్‌లోనే ప్యాసు చేసేసింది. ఈసారి లండను అడ్డు చెప్పలేదు. ఓటు లేనివాడి అర్జీకి ఎంత విలువ ఉంటుందో అప్పుడు తెలిసివచ్చింది.

కాచలియా సేఠ్ జనం కంట పడింది ఆ తరువాతనే. అప్పటివరకు ఆయన చిన్న వర్తకుడు. పెద్ద చదువు లేదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. సభల్లో మాట్లాడినవాడు కాదు. 1907 జూలై 31న ప్రిటోరియాలో మసీదు ఆవరణలో చెట్టు క్రింద వేలాదిమంది కూడిన సభ జరిగింది. ఇండియావారి మేలు కోరే హోస్కెన్ అనే తెల్ల పార్లమెంటు సభ్యుడు ప్రధాని బోథా కబురు తెచ్చారు. చట్టం ఇక మారదు, దానితో తలపడటం గోడకు తల కొట్టుకోవడమే అని దాని సారాంశం. అప్పుడు కాచలియా లేచారు. అల్లా మీద ఒట్టు పెట్టుకొని, ఉరి తీసినా ఈ చట్టానికి లొంగను అని చెప్పారు. చెబుతున్నప్పుడు ఆయన వేళ్లు తన గొంతును పట్టుకొన్నాయి, నుదుటి నరాలు ఉబ్బాయి. వేదిక మీద ఉన్న గాంధీగారికి అది విని చిరునవ్వు వచ్చిందట. అంత మాట ఈయన నిలబెట్టుకోగలరా అని అనుమానం. అట్లా నవ్వినందుకు తరువాత తాను సిగ్గుపడ్డానని ఆయనే వ్రాశారు. కాచలియా మాట ఒక్కటి కూడా వట్టిది కాలేదు.

అందరూ అట్లా ఉన్నారా అంటే లేరు. ఉన్నది ఉన్నట్లు చెప్పుకోవాలి. పెద్ద దుకాణాలున్న కొందరు లైసెన్సు పోతుందని భయపడి, రాత్రివేళ తలుపులు మూసుకొని రహస్యంగా పేర్లు నమోదు చేయించుకొన్నారు. అయినా గడువు తీరే నాటికి సుమారు పదమూడు వేల మందిలో నమోదు చేయించుకొన్నవారు ఐదు వందల పైచిలుకు మాత్రమే. ఆ ఏడాది చివర్లో నాలుగు వేలకు పైగా సంతకాలతో పెద్ద మహజరు సర్కారుకు అందించారు. 1908 ఆగస్టు 16న జోహన్నెస్‌బర్గులో హమీదియా మసీదు ఆవరణలో పెద్ద కాగు పెట్టి, రెండు వేలకు పైగా సర్టిఫికెట్లను కిరసనాయిలు పోసి కాల్చేశారు. ఆ సంవత్సరమే కాచలియా సేఠ్‌ను బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్‌కు అధ్యక్షుడిగా ఎన్నుకొన్నారు.

అధ్యక్ష పదవి అంటే పూలమాలలు అనుకొనేరు. అది ఆయన కొట్టు మీదికి వచ్చిన గండం. అక్కడి చిల్లర వర్తకులందరూ తెల్ల టోకు వర్తకుల దగ్గర అరువు సరుకు తెచ్చుకొనేవారు. మన దగ్గర సీజను ముందు షావుకారు దగ్గర అరువు తెచ్చి, పంట వచ్చాక తీర్చినట్లే. 1909 ఆరంభంలో ఆ టోకు వర్తకులు ఆయనకు కబురంపారు. ఉద్యమం వదిలేస్తే ఎంత గడువైనా ఇస్తాము, లేకపోతే బాకీ అంతా వెంటనే కట్టాలి అన్నారు. ఇది నా దీనికి, నా జాతి పరువుకు సంబంధించిన సంగతి, బాకీ కోసం దీనిని అమ్ముకోను అని ఆయన జవాబిచ్చారు. దుకాణంలో సరుకు, రావలసిన బాకీలు, లెక్క పుస్తకాలు అన్నీ వారి ముందు పెట్టారు. ఆస్తి అప్పుకు మించే ఉంది. అయినా వారు వినలేదు. దివాలా ప్రకటించారు.

మన వర్తక కుటుంబాల వారికి దివాలా అనే మాట ఎంత చేదో వేరే చెప్పనక్కరలేదు. బజారులో తల ఎత్తుకోలేని స్థితి అది. కాని ఈ దివాలాలో విచిత్రం ఏమంటే, సరుకు అమ్మి లెక్కలు తేల్చగా అప్పులవారికి పౌనుకు ఇరవై షిల్లింగులూ, అంటే పైసా తక్కువ కాకుండా ముట్టాయి. ఆయన చిట్టా ఆవర్జాలు అంత శుద్ధంగా ఉన్నాయి. ఆయన పోగొట్టుకొన్నది వ్యాపారమే, పరువు కాదు. ఆయనను బెదిరించి మిగతావారిని లొంగదీయాలనుకొన్నవారి పన్నాగం వట్టిదయింది.

అదే 1909 జూన్‌లో లండనుకు మళ్లీ రాయబారం పంపాలని సభ తీర్మానించింది. కాచలియా, హాజీ హబీబ్, చెట్టియారు, గాంధీ అని నలుగురి పేర్లు ఎంచారు. ఓడ ఎక్కకముందే కాచలియాను, చెట్టియారును సర్కారు అరెస్టు చేసింది. పార్లమెంటు సభ్యుల ముందు నిలబడవలసిన మనిషి జైలులో కూర్చున్నారు. మిగిలిన ఇద్దరే లండను వెళ్లి నాలుగు నెలలకు పైగా తిరిగి వట్టి చేతులతో వచ్చారు. ఇండియాలో మాత్రం పని కొంత జరిగింది. 1910 ఫిబ్రవరిలో గోఖలే గారు వైస్రాయి శాసనసభలో తీర్మానం పెట్టి నెగ్గించారు. దాని ఫలితంగా 1911 జూలై నుంచి నేటాల్‌కు కూలీలను పంపడం ఆగిపోయింది. జైలుకు పోయినవారి కుటుంబాలు తలదాచుకోవడానికి 1910లో టాల్‌స్టాయ్ ఫారం వెలిసినప్పుడు, కాచలియా సేఠ్ తన కుమారుడు అలీని అక్కడి బడిలో వేశారు. పేదవారి పిల్లలతో కలిసి మట్టి పని చేస్తూ చదువుకోవడానికి తన బిడ్డనూ పంపిన నాయకుడు ఆయన.

1913లో చిక్కు మరింత ముదిరింది. ఆ మార్చిలో ఒక న్యాయమూర్తి, క్రైస్తవ పద్ధతిలో కాని పెళ్లిళ్లు చెల్లవన్నట్లు తీర్పు ఇచ్చారు. నిఖా చేసుకొన్న భార్య, ఏడడుగులు నడిచిన భార్య ఇద్దరూ చట్టం కంట భార్యలు కాకుండా పోయారు. అదే సంవత్సరం కొత్త ఇమిగ్రేషన్ చట్టం వచ్చింది. ఒప్పందం తీరిన కూలీలు కట్టవలసిన మూడు పౌన్ల పన్ను అట్లాగే ఉంది. విన్నపాలు ఎన్ని చేసినా వినకపోవడంతో, 1913 సెప్టెంబరు 12న అధ్యక్షుడి హోదాలో కాచలియా సేఠ్ సర్కారుకు ఉత్తరం వ్రాశారు. ఉద్యమం మళ్లీ మొదలవుతుందని ముందుగానే తెలియజేశారు. చాటుమాటు పని ఏదీ లేదు.

ఆ తరువాత జరిగినది మన సింగరేణి బిడ్డలకు చెబితే కళ్లకు కట్టినట్లు ఉంటుంది. న్యూకాజిల్ బొగ్గు గనుల్లో పనిచేసే ఇండియా కూలీలు పలుగూ పారా క్రిందపెట్టి బయటికి వచ్చారు. తమిళులు, తెలుగువారు, ఉత్తరాది వారు, హిందువులు, ముస్లిములు అందరూ కలిసి నడిచారు. నవంబరు 6న సరిహద్దు దాటి ట్రాన్స్‌వాల్‌లోకి నడిచినవారు 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు. అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటడమే వారి అర్జీ. వేలాది మందిని జైళ్లలో కుక్కారు. చివరికి జనరల్ స్మట్స్ మెట్టు దిగక తప్పలేదు. 1914లో ఇండియన్ రిలీఫ్ చట్టం వచ్చింది. మూడు పౌన్ల పన్ను రద్దయింది, మన పెళ్లిళ్లకు చెల్లుబాటు దొరికింది. అన్నీ తీరాయని కాదు. కొత్తగా వచ్చేవారికి తలుపులు మూసే ఉన్నాయి, ఓటు రాలేదు.

1918లో కాచలియా సేఠ్ కన్నుమూశారు. ఆయన వెలిగించిన దీపం ఇంట్లో ఆరిపోలేదు. కుమారుడు ఇస్మాయిల్ మన దేశం వచ్చి దేవబంద్‌లో చదివి మౌల్వీ అయ్యారు. 1952లో దక్షిణాఫ్రికాలో జరిగిన శాసనోల్లంఘన ఉద్యమంలో నెల్సన్ మండేలాకు తోడుగా పనిచేశారు. భారత ప్రభుత్వం ఆయనకు 1977లో పద్మశ్రీ ఇచ్చింది. మరో కుమారుడు యూసుఫ్ కూడా అదే దారిలో నడిచారు.

ఈ జీవితం నుంచి మనం ఏమి తీసుకోవాలి? సంతకాలు సేకరించడం, ఎమ్మెల్యేను, ఎంపీని కలిసి చెప్పుకోవడం, మహజరు ఇవ్వడం, ఇవన్నీ మన హక్కు. చేయవలసినవే. ఓటు లేని ఆ వర్తకులు సముద్రాలు దాటి లండను పార్లమెంటు మెట్లెక్కితే, ఓటు ఉన్న మనం మండల ఆఫీసు దాకా పోవడానికి బద్ధకించడం తగదు. అయితే సంతకం పెట్టిన చెయ్యి రేపు నష్టం వచ్చినప్పుడు వెనక్కి పోతే, ఆ అర్జీ ఉత్త కాగితమే. కాచలియా సేఠ్ తన కొట్టును, సుఖాన్ని, స్వేచ్ఛను ఆ సంతకం వెనుక పెట్టారు. అందుకే అది బరువెక్కింది.

మరొక మాట. ఆయన లెక్కలు శుద్ధంగా ఉన్నందువల్లనే సర్కారు ముందు, అప్పులవారి ముందు తల ఎత్తుకొని నిలబడగలిగారు. సంఘం పని చేసే మనమూ, వ్యాపారం చేసే మన సభ్యులూ ఇది మరువరాదు. ఇంకా, ఆయన పోరాడింది వర్తకుల కోసమే కాదు. మూడు పౌన్ల పన్ను ఆయన మీద పడినది కాదు, కూలీల మీద పడినది. మన వాకిట్లోకి కాగితం పట్టుకొని వచ్చే పేదవాడు ఏ మతం వాడైనా, ఏ గూడెం నుంచి వచ్చినా, అతని ఫారం నింపి పెట్టడం కాచలియా సేఠ్‌కు మనం చేయగల సరైన జ్ఞాపకమని మనవి చేస్తున్నాము. అల్లా ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక.