సర్ రొనాల్డ్ రాస్ : జ్వరం నడిచే దారి

మన బొల్లారం నుండి సికింద్రాబాదు మీదుగా బేగంపేట చేరితే, పూర్వపు విమానాశ్రయానికి సమీపాన, ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఒక పాత భవనం కనిపిస్తుంది. ఆ త్రోవన నిత్యం వేలాదిమంది ప్రయాణిస్తున్నారు. తల త్రిప్పి చూచేవారు బహు తక్కువ. 1897లో ఒక సైనిక వైద్యుడు మలేరియా జ్వరానికీ దోమకూ గల సంబంధాన్ని కనుగొన్న చోటుగా ఆ భవనం ప్రసిద్ధి పొందింది. ఆ వైద్యుడే సర్ రొనాల్డ్ రాస్. మన విద్యార్థినీ విద్యార్థులలో కొందరు చదువు ముగించి ఆసుపత్రులలో నర్సింగు సహాయకులుగా చేరుతున్నారు. వారి చేతిలో పెట్టే నియమాల పట్టికలో చేతులు కడుగుకొనటం, సూది మార్చటం, నీరు పారబోయటం, దోమతెర కట్టటం అనే మాటలు వరుసగా ఉంటాయి. ఆ మాటల వెనుక ఎంత కథ ఉన్నదో తెలియటానికి ఈయన జీవితం కన్న మంచి ఉదాహరణ మన ఊరి చుట్టుప్రక్కల మరొకటి లేదని మా అభిప్రాయం.

రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ సానువులలోని అల్మోరాలో జన్మించాడు. మీరట్‌లో సిపాయిలు తిరుగుబాటు జెండా ఎత్తి అప్పటికి మూడు రోజులు. తండ్రి బ్రిటిషు ఇండియా సైన్యంలో అధికారి, తరువాత జనరల్ అయినవాడు. పదిమంది సంతానంలో రాస్ పెద్దవాడు. ఎనిమిదవ ఏట అతన్ని చదువు నిమిత్తం ఇంగ్లండుకు పంపారు. కుర్రవాని మనస్సు చిత్రలేఖనం మీద, కవిత్వం మీద, సంగీతం మీద, గణితం మీద ఉండేది. వైద్యం మీద మాత్రం లేదు. కుమారుడు ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాలన్నది తండ్రి పట్టుదల. 1874లో లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చేరిన రాస్ పాఠాల కన్న పద్యాల మీదనే ఎక్కువ కాలం గడిపాడు. ఒక పరీక్ష తప్పాడు. కొంతకాలం ఓడలో వైద్యుడుగా పనిచేశాడు. చివరకు 1881లో సర్వీసులో ప్రవేశించి మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాడు. ఇష్టంలేని చదువుకు వచ్చినవారందరూ నిరాశ చెందనవసరం లేదని చెప్పటానికి ఈ వివరం మేము కావాలనే వ్రాస్తున్నాము.

1883లో బెంగుళూరులో ఉండగా ఒక చిన్న సంగతి జరిగింది. తన బంగళాలో దోమల బాధ భరించరానిదిగా ఉండటం చూచి కారణం వెదకిన రాస్, కిటికీ క్రింద ఉన్న నీళ్ళ తొట్టెలో దోమ పిల్లలు కదలాడుతుండటం గమనించాడు. తొట్టెను బోర్లించాడు. దోమలు తగ్గాయి. మిగిలిన తావులలో కూడ ఇదే విధంగా చేద్దామని పైవారికి సూచించగా వారు పట్టించుకొనలేదు. దోమకూ జ్వరానికీ సంబంధమున్నదని అప్పటికి రాస్‌కే తెలియదు. ఐనా, నేడు ఆసుపత్రి వరండాలో కూలరు అడుగున, పూలకుండీ పళ్ళెంలో, పాత టైరులో నిలిచిన నీటిని పారబోసే సహాయకురాలు చేసేది సరిగా ఆ పనియే.

మలేరియా అనే మాటకు ఇటాలియను భాషలో చెడుగాలి అని అర్థం. చిత్తడి నేలల నుండి లేచే విషపు గాలి వల్ల ఆ జ్వరం వస్తుందని యుగాలుగా నమ్మకం. మన ప్రాంతంలో దానికి చలిజ్వరమనీ మన్యపు జ్వరమనీ పేర్లు. 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో ఆ జ్వరకారక క్రిమిని చూచాడు గాని, ఆ క్రిమి ఒక మనిషి రక్తం నుండి మరొక మనిషి రక్తంలోనికి ఎట్లా పోతున్నదో తేలలేదు. రాస్ మొదట ఆ క్రిమి ఉనికినే శంకించాడు. 1894లో సెలవుపై లండను వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు సూక్ష్మదర్శినిలో దానిని చూపించి శంక తీర్చాడు. దోమలకు ఇందులో పాత్ర ఉండవచ్చునని కూడ సూచించాడు. దోమ రోగి రక్తం త్రాగి, నీటిలో పడి చస్తుంది, ఆ నీరు త్రాగినవారికి జ్వరం వస్తుంది అని మాన్సన్ ఊహ. ఊహలో సగం సత్యం, సగం పొరపాటు.

1895లో రాస్ 19వ మద్రాసు పదాతిదళానికి వైద్యుడుగా సికింద్రాబాదు వచ్చాడు. నాటి దండు ప్రాంతాన్ని మనం ఒకసారి తలచుకొనాలి. బొల్లారంలో హైదరాబాదు కంటింజెంటు సేన, సికింద్రాబాదు తిరుమలగిరులలో బ్రిటిషు సేనలు. వర్షాలు పడగానే చెరువులు, కుంటలు, గుర్రపుసాలల చుట్టూ మడుగులు. నాటి సైన్యాలలో యుద్ధం కన్న రోగమే ఎక్కువమందిని పడగొట్టేది. రాస్ మొదట మాన్సన్ ఊహనే పరీక్షించాడు. దోమలు చచ్చిన నీటిని లచ్చుమన్ అనే వ్యక్తి చేత త్రాగించాడు. అతనికి కొన్ని రోజులకు కొద్దిపాటి జ్వరం వచ్చి తగ్గింది. ఆ నీరు త్రాగిన ఇతరులలో చాలమందికి ఏమీ కాలేదు. సిద్ధాంతం నిలువలేదు. మలేరియా క్రిములు రక్తంలో పుష్కలంగా గల అబ్దుల్ ఖాదర్ అనే రోగిని దోమతెరలో పడుకొనబెట్టి, లోపలికి దోమలను వదలి, రక్తం త్రాగిన దోమలను పట్టుకొని కోసి చూచేవాడు. ఐతే అవి నేడు మలేరియాతో సంబంధం లేనివని మనకు తెలిసిన జాతుల దోమలు. తాళం ఒకటి, తాళపుచెవి మరొకటి. ఎన్ని నెలలు త్రిప్పినా తెరచుకొనదు.

ఇక్కడ మేము కొంత ఆగక తప్పదు. రోగికి అణాలు ఇచ్చి కుట్టించుకొనటం, రోగకారకమని తాను అనుమానించే నీటిని ఆరోగ్యవంతునికి త్రాగించటం నేటి ఆసుపత్రిలో ఎవరికీ చెల్లదు. రోగికి విషయమంతా వివరించి సమ్మతి పొందాలనే నియమం వైద్యలోకం తరువాతి కాలంలో ఎంతో అనుభవం మీద నేర్చుకొన్నది. రాస్ గొప్పదనాన్ని చెప్పేటప్పుడు ఈ సంగతిని దాచిపెట్టటం ఉచితం కాదు. ఆనాటి దొరతనం నీడలో పేద రోగి కాదనగల స్థితిలో ఉన్నాడా అనే ప్రశ్న మిగిలే ఉన్నది.

ఆ ఏడే సెప్టెంబరులో ప్రభుత్వం రాస్‌ను కలరా నివారణకై బెంగుళూరు పంపింది. పరిశోధన ఆగిపోయిందని అతడు విసుగు చెందాడు. మాకు మాత్రం ఇది వృథాకాలంగా తోచదు. అక్కడ అతడు చూడవలసి వచ్చినవి బావులు, కాలువలు, మురుగు, చెత్త. కలరా నడిచే దారి వేరు: రోగి మలం, కలుషితమైన నీరు, శుభ్రంగా కడుగని చేయి, ఆ చేతి నుండి నోరు. అక్కడ దోమతెర ఎన్ని కట్టినా ప్రయోజనం లేదు. మరగకాచిన నీరు, సబ్బుతో కడిగిన చేతులు, రోగి వాడిన పాత్రను విడిగా శుద్ధి చేయటం కావాలి. మలేరియా రోగిని తాకితే జ్వరం అంటదు. కలరా రోగి దుప్పటిని తాకిన చేయి కడుగకపోతే ముప్పు. ఏ రోగం ఏ దారిన నడుస్తుందో తెలియనివాడు అన్ని నియమాలనూ ఒకే మొక్కుబడిగా పాటిస్తాడు, అలసిన రాత్రి అన్నిటినీ ఒకేసారి వదలివేస్తాడు. తెలిసినవాడు కనీసం ఏది వదలరాదో ఎరుగును.

1897లో నీలగిరులలో పరిశోధనకు వెళ్ళిన రాస్‌కు సీగూరు కనుమ ప్రాంతంలో తనకే మలేరియా సోకింది. కోలుకొని మళ్ళీ సికింద్రాబాదు చేరాడు. ఆ ఎండాకాలపు ఉక్క దాదాపు ఆగస్టు దాకా విడువలేదు. పంకా లాగిస్తే కోసిన దోమల ముక్కలు ఎగిరిపోతాయని పంకా ఆపించేవాడు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టాయి. కంటి దగ్గరి అద్దం పగిలింది. ఒక్కొక్క దోమను కణం కణంగా వెదకటం. వేల సంఖ్యలో శ్రమ, ఫలితం శూన్యం.

ఆగస్టు నడుమ, తెచ్చిన దోమ పిల్లల నుండి గోధుమ వన్నె గలవి, రెక్కలపై మచ్చలు గలవి, కొన్ని క్రొత్త రకపు దోమలు వెలువడ్డాయి. 16వ తేదీన హుసేన్ ఖాన్ అనే రోగిని అవి కుట్టాయి. దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. రూపాయికి పదహారు అణాలని నేటి విద్యార్థులకు చెప్పవలసి ఉంటుంది. ఆ దోమలలో కొన్ని చచ్చాయి, కొన్ని కోతలో ఏమీ చూపలేదు. 20వ తేదీన, మిగిలిన కొద్దిపాటి దోమలలో ఒకదానిని కోసి, దాదాపు ఆశ వదలుకొన్న స్థితిలో పొట్ట గోడను చూస్తుండగా గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో నల్లని రేణువులు. మలేరియా క్రిమికి గుర్తైన రేణువులు అవియే. మరునాడు మరొక దోమలో ఆ కణాలు ఇంకా పెద్దవై కనిపించాయి. క్రిమి దోమలో పెరుగుతున్నదన్నమాట. నేడు ప్రపంచమంతటా ఆగస్టు 20ని దోమల దినంగా పాటిస్తున్నారు. ఆ వ్యాసం డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నలులో వెలువడింది.

ఈ ఘట్టంలో ఒక విషయం సాధారణంగా గమనింపబడదు. ఆ దోమ జ్వరాన్ని ఎక్కడి నుండి తెచ్చుకొన్నది? మంచంపై ఉన్న రోగి నుండి. కనుక వార్డులో దోమతెర ప్రధానంగా ఎవరికి కావాలని అడిగితే, ఆరోగ్యవంతునికి అని చాలమంది సమాధానం చెబుతారు. జ్వరపీడితుని చుట్టూ తెర కట్టితే దోమ అతని రక్తం త్రాగలేదు. త్రాగనిదే ప్రక్క మంచానికి మోసుకుపోలేదు. తెర చిరుగును కుట్టటం, అంచులను పరుపు క్రిందికి దోపటం, రాత్రి మందు ఇచ్చిన తరువాత మళ్ళీ దోపటం ఆ రోగి ఒక్కని కోసం కాదు, వార్డు మొత్తం కోసం. అట్లాగే మలేరియా రక్తంలో ఉండే రోగం గనుక దోమ చేసే పనిని ఒకరికి వాడిన సూది మరొకరికి వాడినా చేయగలదు. ఒక సూది ఒకే రోగికి అనే నియమానికి ఇది కూడ ఒక కారణం.

కనుగొన్న నెలరోజులకే ప్రభుత్వం రాస్‌ను రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేసింది. ప్రభుత్వాల తీరు! మాన్సన్ పైరవీ వల్ల 1898 ఫిబ్రవరిలో కలకత్తాకు పరిశోధన నిమిత్తం పంపబడ్డాడు. అది ప్లేగు భయం అలముకొన్న సమయం. దొరలు సూదులతో విషం ఎక్కిస్తారన్న వదంతి వల్ల, రక్తపు బొట్టు కోసం వ్రేలు గుచ్చనిచ్చే రోగులు కరవయ్యారు. రోగికి నమ్మకం లేనిచోట మహాశాస్త్రజ్ఞుని సూక్ష్మదర్శిని కూడ గ్రుడ్డిదే. అందుచేత రాస్ పక్షుల వైపు తిరిగాడు. పనికి ఇద్దరిని పెట్టుకొంటే ఒకడు మొదటి జీతం అందగానే వెళ్ళిపోయాడు. రెండవవాడు మహమ్మద్ బక్ష్ నిలిచాడు. దోమలను పెంచటం, పట్టటం, పిచ్చుకల పంజరాలు చూడటం అతని పని. ఆ జూలైలో క్రిమి దోమ పొట్ట నుండి లాలాజల గ్రంథులకు చేరుతున్నదనీ, దోమ కాటుతోనే ఆరోగ్యమైన పిచ్చుకకు సోకుతున్నదనీ రాస్ నిరూపించాడు. త్రాగిన నీరు కాదు, కాటే. మాన్సన్ ఊహలోని పొరపాటు సగం అక్కడితో తొలగిపోయింది. మనుషులలో ఇదే చక్రాన్ని ఇటలీలో గ్రాస్సీ, ఆయన సహచరులు ఆ ఏడే నిరూపించారు.

1899లో సర్వీసు వదలి రాస్ లివర్‌పూల్ ఉష్ణమండల వైద్యవిద్యాలయంలో చేరాడు. 1902లో నోబెల్ బహుమతి, 1911లో సర్ బిరుదు లభించాయి. సియెర్రా లియోన్‌లో, ఈజిప్టులోని ఇస్మాయిలియాలో దోమల నిర్మూలనకు పాటుపడ్డాడు. ఒక్క దోమ మిగలకుండా చంపనవసరం లేదు, ఒక హద్దు క్రిందికి తగ్గిస్తే రోగం తనంతట తానే తగ్గుతుందని గణితంతో లెక్కకట్టి చూపాడు. చిన్ననాటి గణితాభిమానం వృథాపోలేదు.

స్వభావం మాత్రం కటువైనది. గ్రాస్సీతో కీర్తి తగవు సంవత్సరాల తరబడి సాగింది. తన సేవకు ప్రభుత్వం ధనం ఇవ్వలేదని ఆక్షేపించేవాడు. 1928లో తన కాగితాలను అమ్మకానికి పెట్టాడు. పెద్దకొడుకు 1914లో యుద్ధంలో మరణించాడు. 1931లో భార్య, 1932 సెప్టెంబరు 16న రాస్ గతించారు.

హైదరాబాదు నల్లకుంటలోని అంటువ్యాధుల ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు. బోర్డు మీద సర్ రొనాల్డ్ రాస్ అని ఉంటుంది. పాతబస్తీ నుండి జ్వరంతో వచ్చే తల్లి మాత్రం ఆటోవానికి కోరంటి దవాఖానా అనే చెబుతుంది.