అంగుళంలో ఎనిమిదో వంతు

1971లో వచ్చిన డర్టీ హ్యారీ సినిమా చూసినవాళ్లకి క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలోని ఆ పెద్ద రివాల్వర్ గుర్తుండే ఉంటుంది. అది 44 మాగ్నమ్. ఆ తూటా ఆలోచన ఏ కంపెనీ ల్యాబ్‌లోనూ పుట్టలేదు. అమెరికాలోని ఐడహో కొండల్లో పశువుల రాంచ్ నడుపుకునే ఒకాయన, ఇంట్లో కూర్చుని చేత్తో తూటాలు నింపుకుంటూ, దాదాపు ముప్ఫై ఏళ్లు దాని వెంటపడ్డాడు. పేరు ఎల్మర్ కీత్. తుపాకుల గురించి చదివేవాళ్లలో ఆయన పేరు తెలియనివాళ్లు తక్కువ. మన మెకానికల్ బ్యాచ్‌కి కూడా తెలియాల్సిన మనిషని నా అభిప్రాయం.

పుట్టింది 1899లో, మిస్సోరి రాష్ట్రంలోని హార్డిన్ అనే ఊళ్లో. పెరిగింది మోంటానాలో. పన్నెండేళ్లప్పుడు మిజూలా పట్నంలో వాళ్లున్న బస తగలబడింది. పిల్లాడి ఒళ్లంతా కాలిపోయింది, బతకడనే అనుకున్నారు. బతికాడు గానీ ఎడమ చెయ్యి వంకర తిరిగిపోయింది. ఇంట్లోవాళ్లని బతిమాలి, ఆ చేతిని మళ్లీ విరగ్గొట్టించి నిటారుగా కట్టించుకున్నాడు. ఆ తర్వాత జీవితమంతా ఆ చేతులతోనే గుర్రాలెక్కాడు, వేటగాళ్లకి దారి చూపించాడు, తుపాకులు కాల్చాడు.

ఇక్కడ తూటా గురించి కాస్త చెప్పాలి. కాల్చాక బయటికెళ్లేది గుండు ఒక్కటే. ఇత్తడి గుల్ల మిగిలిపోతుంది. ఉబ్బిన ఆ గుల్లని డైలో నొక్కి పాత కొలతకి తెచ్చి, కొత్త ప్రైమర్ దిగ్గొట్టి, మందు తూచి పోసి, పైన సీసం గుండు కూర్చి అంచు బిగిస్తే మళ్లీ తూటా తయారు. గుండ్లు కూడా సీసం కరిగించి అచ్చులో పోసుకోవచ్చు. చేతిలో డబ్బులాడని కౌబాయ్‌కి ఇదే గతి. పైగా కంపెనీ అమ్మేదానికన్నా బలమైనది కావాలంటే ఇంకో దారి లేదు.

ఆ బలం కోసమే 1925 జులై 4న, వాళ్ల స్వాతంత్ర్య దినం నాడు, పాత 45 కోల్ట్ రివాల్వర్‌లో రైఫిల్‌కి వాడే బరువైన గుండు పెట్టి కాల్చాడు. సిలిండర్ పైభాగం పేలి ఎగిరిపోయింది. అదృష్టం, ఆయనకి పెద్ద దెబ్బేమీ తగల్లేదు. వేరేవాళ్లయితే గుట్టుగా ముక్కలు ఏరుకుని ఊరుకునేవాళ్లు. ఈయన తన తుపాకి ఎలా పేలిందో అమెరికన్ రైఫిల్‌మన్ పత్రికకి రాసి పంపాడు. నాకు ఈ మనిషి నచ్చింది అక్కడే.

పేలింది ఎందుకు? స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో హూప్ స్ట్రెస్ చదివాం కదా, అదే. లోపలి పీడనం, గది వ్యాసం పెరిగినా, గోడ మందం తగ్గినా స్ట్రెస్ పెరుగుతుంది. సిలిండర్ బయటి సైజు అంతే ఉంచి అందులో ఆరు పెద్ద రంధ్రాలు తొలిస్తే గోడలు పలచబడతాయి. 45 కోల్ట్ గుల్ల లావు 0.480 అంగుళం, 44 స్పెషల్‌ది 0.457. తేడా 0.6 మిల్లీమీటరు కూడా లేదు. అయినా గోడలు పలచగా ఉన్న చోట అదే పెద్ద లెక్క. కీత్ డిగ్రీ చదివినవాడు కాదు, ఆయనకి లామే సమీకరణాలు ఎవరూ చెప్పలేదు. పేలిన ఇనుమే చెప్పింది. అంతే, 44 స్పెషల్‌కి మారిపోయాడు.

తర్వాత దానికోసం సొంతంగా ఒక గుండు గీశాడు. 250 గ్రెయిన్ల బరువు, చదును మూతి, పక్కన పదునైన భుజం. 1930ల్లో హెర్క్యులీస్ కంపెనీ 2400 అనే మందు తెచ్చింది. అది మెల్లగా కాలుతుంది. పీడనం ఒక్కసారిగా ఎగబాకకుండా గుండుని బ్యారెల్ పొడవునా నెడుతుంది. ఆయనకి కావాల్సింది సరిగ్గా అదే. 1935లో 357 మాగ్నమ్ వచ్చినా ఆయన మనసు 44 మీదే. ఇలాంటిది మీరే చేసి అమ్మండి అని కంపెనీలకి రాస్తూనే ఉన్నాడు. మధ్యలో ప్రపంచ యుద్ధమొస్తే యూటాలోని ఆగ్డెన్ ఆయుధాగారంలో ఇన్‌స్పెక్టర్‌గా చేశాడు.

కంపెనీల భయం కూడా న్యాయమైనదే. అంత బలమైన తూటాని ఎవరో అమాయకుడు పాత బలహీనమైన 44 స్పెషల్ తుపాకిలో పెడితే? చివరికి 1955లో స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కలిసి ముందుకొచ్చాయి. గుల్లని అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు పొడవు చేశారు. కొత్త తూటా పాత సిలిండర్‌లో పూర్తిగా దిగదు. హెచ్చరిక బోర్డు అక్కర్లేదు, కొలతే కాపలా. నేటి ప్రమాణాల్లో 44 స్పెషల్ గరిష్ఠ పీడనం 15,500 పీఎస్ఐ, మాగ్నమ్‌ది 36,000. ఆ ఎనిమిదో వంతు ఎన్ని చేతుల్ని కాపాడి ఉంటుందో చూసుకోండి.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చెయ్యను. ఇంట్లో తూటా నింపేవాళ్లు గుల్ల సులువుగా బయటికొస్తోందా, ప్రైమర్ చదునైందా అని చూసి పీడనం అంచనా వేసేవాళ్లు. ఆ గుర్తులు కనబడేసరికే హద్దు దాటిపోయి ఉండొచ్చు. పైగా గొప్పలకీ తక్కువ లేదు. గాయపడ్డ జింకని 600 గజాల దూరం నుంచి రివాల్వర్‌తో కొట్టానన్న కథ ఆయన్ని చివరిదాకా వదల్లేదు. నవ్వినవాళ్లే ఎక్కువ. 1979లో వచ్చిన ఆత్మకథకి కూడా, నేను అక్కడే ఉండి చూశానని గద్దించే పేరే పెట్టుకున్నాడు.

పెద్ద టోపీ, నోట్లో చుట్ట, పొట్టి మనిషి. 1981లో పక్షవాతం వచ్చింది. 1984 ఫిబ్రవరి 14న పోయాడు. ఆయన గుండు అచ్చు ఇప్పటికీ లైమన్ కంపెనీ 429421 నంబరుతో అమ్ముతోంది. ఆయన రాసిన మందు కొలతల్ని మాత్రం ఇప్పటి పుస్తకాలు తగ్గించే ఇస్తాయి.