పర్లాకిమిడి పంతులు గారి జీవితం మనకు నేర్పే పాఠాలు



ఏటా ఆగస్టు 29న మన సంఘాలన్నీ తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాయి. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పటానికి దండ వేస్తాం, పిల్లల చేత పద్యాలు చెప్పిస్తాం, పెద్దలు ప్రసంగిస్తారు, ప్రసాదం పంచి ఇళ్ళకు వెళ్తాం. వాడుక భాషకు పట్టం కట్టిన మహానుభావుడు అన్న ఒక్క మాట తప్ప ఆయన గురించి మన పిల్లలకు ఇంకేమీ చెప్పడం లేదన్నది మా సంఘంలో కొన్నాళ్ళుగా నడుస్తున్న చర్చ. ఆయన జీవితంలో భాష ఒక భాగం మాత్రమే. కష్టం వచ్చినప్పుడు మనిషి ఎలా నిలబడాలి, వయసు మీద పడ్డా ఎలా నేర్చుకోవాలి, పదిమంది కాదన్నప్పుడు ఏం చేయాలి అన్నవి కూడా ఆ జీవితంలో ఉన్నాయి. పైగా ఆయన మన మధ్యే, అంటే ఈనాటి ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో, యాభై ఏళ్ళకు పైగా బతికిన మనిషి. అందుకే ఈసారి ఆయన కథ కొంచెం వివరంగా రాస్తున్నాం.

పన్నెండేళ్ళకే తండ్రి పోయారు

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ ఉద్యోగి. 1875లో ఆయనకు చోడవరం బదిలీ అయింది. అక్కడే విషజ్వరంతో పోయారు. అప్పటికి పిల్లవాడికి పన్నెండేళ్ళు. చిన్న ఉద్యోగం మీద నడిచే ఇంట్లో ఆ ఉద్యోగి పోతే ఏమవుతుందో మనలో చాలామందికి తెలుసు. గుమాస్తా ఉద్యోగంలో గడిపినవాళ్ళం కాబట్టి, సర్వీసులో ఉండగానే యజమాని పోయిన కుటుంబాల కాగితాలు మేము ఎన్నో చూశాం. ఈ రోజుల్లో పింఛను ఉంది, కారుణ్య నియామకం ఉంది. ఆ రోజుల్లో బంధువులే దిక్కు.

విజయనగరంలో మేనమామ గారి ఇంట చేరి, మహారాజా వారి పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఆ బడిలోనే గురజాడ అప్పారావు గారు ఆయనకు సహాధ్యాయి. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. 1880లో, పదిహేడేళ్ళు నిండీ నిండకముందే, పర్లాకిమిడి రాజా వారి పాఠశాలలో ముప్ఫై రూపాయల జీతం మీద మాష్టారుగా కుదిరారు. అప్పటికి ఆ ఊరికి రైలు కూడా లేదు. నౌపడ నుంచి చిన్న రైలు వచ్చింది 1900లో.

పై చదువు సంగతి చూడండి. కాలేజీకి వెళ్ళే స్థోమత లేదు, ఉద్యోగం మానే వీలు లేదు. పగలు పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. పూర్తిచేశారు. ఆ తరువాత మరికొన్నేళ్ళకు, ముప్ఫై దాటాక, బి.ఏ. పట్టా తెచ్చుకున్నారు. మెట్రిక్ నుంచి బి.ఏ. దాకా రావడానికి పదిహేనేళ్ళు దాటింది. మన పిల్లలు ఒక్క పరీక్షలో వెనకబడితే జీవితమే అయిపోయినట్టు కుంగిపోతున్నారు. తల్లిదండ్రులు అంతకంటే ఎక్కువ కుంగిపోతున్నారు. అలాంటి ఇళ్ళలో ఈ పదిహేనేళ్ళ సంగతి ఒకసారి చెప్పుకోవాలి.

ఎవరూ అడగని పని

పుట్టిన ఊరి పక్కనే ముఖలింగం గుళ్ళు ఉన్నాయి. ఆ గోడల మీది శాసనాల పాత లిపి చదవడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. పుస్తకాలు దగ్గర పెట్టుకుని స్వయంగా పట్టుకున్నారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించిన తొలి వారిలో ఆయన ఒకరు. ఆ వ్యాసాలు రాసినప్పుడు ఆయన ఒక బడి పంతులు మాత్రమే. ఆ పనికి జీతం లేదు, ప్రమోషను లేదు.

సవరల సంగతి ఇంకా పెద్దది. పర్లాకిమిడి చుట్టూ కొండల మీద ఉండే సవరలు సంతకు దిగి వచ్చేవారు. వాళ్ళ మాట కింది వాళ్ళకు అర్థం కాదు, కింది వాళ్ళ మాట వాళ్ళకు సరిగా అర్థం కాదు. లెక్కల్లో, తూకాల్లో, అప్పుల్లో ఎవరు నష్టపోతారో చెప్పనక్కరలేదు. వాళ్ళ పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తానే వాళ్ళ భాష నేర్చుకోవాలని పంతులు గారు అనుకున్నారు. ఆ భాషకు అక్షరం లేదు, పుస్తకం లేదు, నిఘంటువు లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని మాట మాటా నేర్చుకున్నారు. ఆచారాలు గట్టిగా ఉన్న కాలం అది. ఒక బ్రాహ్మణ కుటుంబం అలా చేస్తే నలుగురూ ఏమంటారో ఊహించుకోవచ్చు.

నేర్చుకుని ఊరుకోలేదు. సవర భాషలో వాచకాలు తయారుచేశారు. సొంత డబ్బుతో బళ్ళు పెట్టి, మాష్టర్లకు జీతాలు ఇచ్చారు. ప్రభుత్వం మెచ్చి బహుమానం ఇస్తానంటే, అది తనకు వద్దని, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టించమని కోరారు. 1913లో రావు సాహెబు బిరుదు వచ్చింది, తరువాతి కాలంలో కైజర్-ఇ-హింద్ పతకం కూడా వచ్చింది. సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లో వేసింది. నిఘంటువు వెలువడేసరికి పంతులు గారికి 75 ఏళ్ళు. యవ్వనంలో మొదలుపెట్టిన పనిని ముసలితనంలో ముగించారు. ఆయన కుమారుడు సీతాపతి గారు కూడా అదే దారిలో సవర భాషకు సేవ చేశారు.

చెవులు పోయినా

దీనికి ఆయన చెల్లించిన ధర చిన్నది కాదు. అడవుల్లో, కొండల్లో తిరగడం వల్ల మలేరియా పట్టుకుంది. దానికి ఆ రోజుల్లో మందు క్వినైను. అది ఎక్కువగా వాడాల్సి వచ్చి చెవుడు వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఈయన పని ఏమిటి? మనుషులు మాట్లాడే మాటను చెవితో విని, ఏ ధ్వని ఎక్కడ పుడుతుందో పట్టుకుని కాగితం మీద పెట్టడం. అలాంటి పనిచేసే మనిషికి చెవులే పోయాయి. ఇంకొకరైతే నా వంతు అయిపోయిందని కూర్చునేవారు. ఆయన పాశ్చాత్యుల ధ్వనిశాస్త్ర గ్రంథాలు చదివారు. పెద్ద పెద్ద సభలకు వెళ్ళి వాదించారు. వ్యాకరణమూ నిఘంటువూ అచ్చుకెక్కింది చెవుడు వచ్చాకే. మా సంఘంలో రిటైరైన సభ్యులు చాలామంది ఉన్నారు. కళ్ళు కనిపించవని, మోకాళ్ళు లేవవని సమావేశాలకు రావడం మానేసిన పెద్దలకు ఈ ఒక్క విషయం మనవి చేస్తున్నాం. ఇది ఎత్తిపొడుపుగా అనుకోవద్దు, మీరు రావాలన్న కోరికతోనే చెబుతున్నాం.

ఓడినా వదలని పోరు

ఇక అందరికీ తెలిసిన వాడుక భాషా ఉద్యమం. అది మొదలైనప్పుడు ఆయనకు 40 దాటాయి. 1907 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల పర్యవేక్షణకు జె.ఎ. యేట్స్ అనే దొర వచ్చాడు. బడిలో చెప్పే తెలుగుకూ బయట మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకన్న సందేహం ఆయనకు వచ్చింది. దానికి జవాబు వెతకడంలో విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఒక్కటయ్యారు.

1911లో, ముప్ఫై ఏళ్ళ సర్వీసు తరువాత, పంతులు గారు తనంతట తానే ఉద్యోగం విరమించి పూర్తి కాలం ఈ పనిలో దిగారు. మొదట కొంత గెలుపు కనిపించింది. స్కూలు ఫైనలు పిల్లలు వ్యాసం వాడుక భాషలో కూడా రాయవచ్చన్న వెసులుబాటు వచ్చింది. జయంతి రామయ్య పంతులు గారు మొదలైన పెద్దలు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా ఎదురు తిరగడంతో కొద్ది కాలానికే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1915 నవంబరులో గురజాడ పోయారు. 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులుగా, గిడుగు కార్యదర్శిగా వాడుక భాష కోసం ఒక సమాజం పెట్టారు. మే నెలలో వీరేశలింగం గారూ పోయారు. అదే 1919లో పంతులు గారు తెలుగు అనే పేరుతో నడపబోయిన మాసపత్రిక ఏడాది మించి సాగలేదు.

వరసగా ఇన్ని దెబ్బలు తిన్న మనిషి ఏం చేశారన్నదే అసలు పాఠం. తిట్టుకు తిట్టు అనలేదు. గ్రాంథికవాదులు గొప్పగా చెప్పుకునే పుస్తకాలనే తెరిచి, ఆ పండితులు తాము విధించిన నియమాలనే తాము ఎక్కడెక్కడ తప్పారో పేజీ పేజీ చూపించారు. పాత కావ్యాల్లోంచి ప్రయోగాలు ఏరి, వ్యవహారంలో ఉన్న మాటలను ఒకప్పటి కవులు కూడా వాడారని నిరూపించారు. సభల్లో గంటల తరబడి ఆధారాలు ముందు పెట్టి మాట్లాడారు. 1924లో పరిషత్తు వాడుక భాష మీద ఉన్న నిషేధాన్ని ఎత్తివేసింది. కోపం అందరికీ వస్తుంది. ఆ కోపాన్ని ఫైలు కట్టినట్టు ఆధారాలుగా మార్చడం మాత్రం కొందరికే చేతనవుతుంది.

ఆయన పోరాటం ఎందుకంత ముఖ్యమో ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు బాగా తెలుస్తుంది. తన పేరు మీద ఎవరో రాసిపెట్టిన అర్జీలో ఏముందో తనకే అర్థం కాక, వేలిముద్ర వేసి నిలబడే రైతులను మేము చూశాం. చదువు పదిమందికీ అందాలంటే అది వాళ్ళ నోటి మాటలో ఉండాలన్నదే పంతులు గారి వాదం.

ఇల్లు విడిచిన రోజు

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులోకి వెళ్ళింది. తెలుగువారు అంతమంది ఉన్న ప్రాంతం అలా కలపడాన్ని పంతులు గారు వ్యతిరేకించారు. రాజా వారు ఒడిశా పక్షాన ఉన్నారు. చివరకు 73వ ఏట, జీవితమంతా గడిపిన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ పాత వివాదాన్ని తవ్వడం మా ఉద్దేశం కాదు. ఒడియా సోదరులతో కలిసిమెలిసి బతుకుతున్నాం, మన పిల్లలు ఒడియా చదివి ఉద్యోగాలు చేస్తున్నారు. కానీ ఆ వయసులో అలా కదలడం ఎంత కష్టమో మనకు అర్థమవుతుంది.

రాజమండ్రిలోనూ ఆయన పని ఆగలేదు. బరంపురంలో పుట్టి, పర్లాకిమిడిలో ఆయన దగ్గర చదువుకున్న తాపీ ధర్మారావు గారు జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపి గురువు గారి కోరిక తీర్చారు. 1940 జనవరి 15న పంతులు గారు మద్రాసులో పత్రికల వారిని కలిసి, వాడుక భాషలో రాయమని చివరిసారి కోరారు. వారం తిరగకుండా, జనవరి 22న కన్నుమూశారు. పాఠ్యపుస్తకాలు పూర్తిగా వాడుక భాషలోకి రావడానికి ఆ తరువాత కూడా దశాబ్దాలు పట్టింది. తాను నాటిన చెట్టు కాయ ఆయన తినలేదు, మనం తింటున్నాం.

మనం చేయవలసింది

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. హోసూరులో తెలుగులో తమిళం కలుస్తుంది, బళ్ళారిలో కన్నడం, సోలాపూరులో మరాఠీ, బరంపురంలో ఒడియా. అది సహజం. కానీ పిల్లవాడు నోరు తెరవగానే ఇదేం తెలుగురా అని నవ్వే పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. నాలుగుసార్లు నవ్వితే ఐదోసారి ఆ పిల్లవాడు తెలుగులో మాట్లాడడు. హిందీలోనో ఇంగ్లీషులోనో జవాబు చెప్పి వెళ్ళిపోతాడు. మన భాష బయటివాళ్ళ వల్లే పోతోందని సభల్లో అంటుంటాం. ఇంట్లో మనం నవ్వే నవ్వు వల్ల ఎంత పోతోందో కూడా లెక్క వేసుకోవాలి. నోట్లో ఉన్న మాటకు మర్యాద ఇవ్వమని జీవితమంతా పోరాడిన మనిషి పటానికి దండ వేసి, మన మనవడి మాటకు నవ్వడం న్యాయం కాదు.

అందుకని సంఘ బాధ్యులకు, తల్లిదండ్రులకు మూడు మనవులు.

ఒకటి. ఈ ఆగస్టు 29న పద్యాల పోటీతో పాటు, పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ఐదు నిమిషాలు ఏదైనా చెప్పే అవకాశం ఇవ్వండి. మార్కులు వద్దు, తప్పులు పట్టడం వద్దు.

రెండు. పంతులు గారు సవర నేర్చుకున్నట్టు, మనం ఉన్న రాష్ట్రపు భాషను మనస్ఫూర్తిగా నేర్చుకుందాం. పొరుగువారి భాషను గౌరవించేవాళ్ళం మన భాషకు గౌరవం అడిగితే ఎవరూ కాదనలేరు.

మూడు. ప్రతి పెద్దవారూ తమకు తెలిసిన పాత మాటలు, వంటల పేర్లు, పనిముట్ల పేర్లు, సామెతలు ఒక నోటు పుస్తకంలో రోజుకు నాలుగు చొప్పున రాయండి. ఏడాదికి పద్నాలుగు వందల మాటలు దాటుతాయి. మీ ఊరి తెలుగుకు అదే తొలి నిఘంటువు అవుతుంది. పూర్తయిన పుస్తకాలు మీ మీ సంఘాలకు అందజేస్తే భద్రపరిచే బాధ్యత కార్యవర్గాలు తీసుకోవాలని కోరుతున్నాం.

ఇట్లు,
సంఘ కార్యదర్శి