గాలిమరల గురువు పౌల్ లా కూర్

రాయలసీమయందు రామగిరి కొండలమీదను, తాడిపత్రి, ఉరవకొండ ప్రాంతముల మెట్టభూములమీదను ఎత్తైన ఉక్కుస్తంభములు నిలిచి, మూడేసి రెక్కలతో గాలిని పట్టి విద్యుచ్ఛక్తిని పుట్టించుచుండుట మన విద్యార్థులలో కొందరు చూచియే యుందురు. ఆ రెక్కలను చూచి యాశ్చర్యపడువారు పెక్కురు. ఆ స్తంభము లోపలి నిచ్చెన నెక్కి, పైనున్న యంత్రమును కనిపెట్టి కాపాడు పనివానిని తలచువారు మిక్కిలి కొద్దిమంది. ఒక్క మర సడలినను, పండ్లచక్రములకు నూనె తరిగినను అంత గొప్ప యంత్రమును నిలిచిపోవలసినదే.

ఇట్టి పనివాండ్రకు శాస్త్రరీతిగా చదువు చెప్పిన మొదటివారిలో ముఖ్యుడు ఒక పల్లెటూరి యుపాధ్యాయుడు. పాఠశాల విడిచిన పిదప ఏ వృత్తి నవలంబింపవలెనని యోచించుచున్న బాలబాలికలకును, వారి మేలు కోరు తలిదండ్రులకును ఆయన జీవితము ఉపయోగకరమని యెంచి, దాని నిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

పౌల్ లా కూర్ 1846వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన డెన్మార్కు దేశమున, ఎబెల్టాఫ్ట్ అను చిన్న పట్టణమునకు చేరువనున్న యొక వ్యవసాయక్షేత్రమున జన్మించెను. తండ్రి సేద్యము చేయువాడు. లా కూర్ చిన్ననాటనుండియు లెక్కలయందు ఆసక్తి గలవాడై, కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రమును, వాతావరణశాస్త్రమును అభ్యసించి 1869లో పట్టము పొందెను. 1872లో డెన్మార్కు ప్రభుత్వమువారు వాతావరణ పరిశోధనాలయమును స్థాపించినప్పుడు, అందు రెండవ అధికారిగా నియమింపబడెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియాఱేండ్లు మాత్రమే.

ఆ యుద్యోగములో నుండగనే ఆయన తంతివార్తల విషయమై యొక చక్కని యుపాయమును కనిపెట్టెను. సంగీతమున స్వరమును సరిచూచుకొను శ్రుతిదండమును మీటినచో, అది యెల్లప్పుడును ఒకే లెక్కన కంపించును. ఆ కంపనముల సాయమున ఒకే తీగమీద పెక్కు వార్తలను ఒకేసారి పంపవచ్చునని ఆయన చూపెను. ఆ కంపనములచేతనే, ఎన్నడును వేగము మారక తిరుగు పండ్లచక్రము నొకదానిని గూడ నిర్మించెను. అమెరికాలో ఎలైషా గ్రే అను శాస్త్రజ్ఞుడును ఇట్టి మార్గముననే పనిచేయుచుండుటచే, ఈ కల్పన ముందెవరిదను వివాదము కలిగెను. ఏది యెట్లున్నను లా కూర్ పేరు విద్వాంసులలో వ్యాపించెను. రాజధానిలో నిలిచియున్నచో ఆయనకు పదవియు, ప్రతిష్ఠయు క్రమముగా పెరిగియే యుండెడివి.

కాని ఆయన 1878లో ఆ యుద్యోగమును వదలి, జట్లాండు ద్వీపకల్పములో ఆస్కోవ్ అను పల్లెయందలి ప్రజాపాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. ఈ పాఠశాలలు గ్రుండ్‌విగ్ అను క్రైస్తవ బోధకుని యాశయముల ననుసరించి యేర్పడినవి. వ్యవసాయదారుల బిడ్డలు యౌవనమున కొన్ని నెలలు ఇచట నివసించి చదువుకొనెడివారు. పరీక్షలకొరకును, పట్టములకొరకును గాక జీవితమునకై చదువవలెనన్నది వాని నియమము. లా కూర్ గణితమును భౌతికశాస్త్రమును కథలవలె చెప్పెడివాడు. ఒక సూత్రమును పూర్వులు ఏ యవసరముచేత వెదకిరో, ఎట్లు కనుగొనిరో వరుసగా వివరించుట ఆయన పద్ధతి. ఆ పద్ధతిలోనే గణితమునకును, తన సహోపాధ్యాయుడైన యాకబ్ ఆపెల్‌తో కలిసి భౌతికశాస్త్రమునకును గ్రంథములు రచించెను.

ఆ దినములలో విద్యుద్దీపములు పట్టణములలో వెలుగ నారంభించెను. డెన్మార్కున బొగ్గుగనులు లేవు. చెప్పుకొనదగిన జలపాతములును లేవు. గాలి మాత్రము సముద్రముమీదినుండి సమృద్ధిగా వీచును. లా కూర్‌కు ఒక చింత కలిగెను. వెలుగును, యంత్రబలమును పట్టణములకే దక్కినచో, పల్లెలలోని యువకులు సేద్యమును చేతిపనులను విడిచి పట్టణములకు తరలిపోవుదురు, పల్లెలు పాడువడును. తరతరములుగా ధాన్యము విసరుచుండిన గాలిమరచేతనే విద్యుచ్ఛక్తిని పుట్టింపగలిగినచో, ఆ బలము పల్లెకే చెందును. ఈ తలంపుతో ఆయన ప్రభుత్వమువారి ధనసహాయమును పొంది, 1891లో ఆస్కోవ్ పాఠశాల చెంతనే యొక పరిశోధనపు గాలిమరను కట్టించెను.

ఈ పనిలో రెండు చిక్కులు గలవు. మొదటిది గాలి యొక్క నిలుకడలేనితనము. గాలివేగము రెండింతలైనచో అందలి బలము ఎనిమిదింతలగును. అట్టి గాలికి డైనమోను నేరుగా తగిలించినచో, దీపములు ఒకప్పుడు మినుకుమినుకుమనును, ఒకప్పుడు మాడిపోవును. లా కూర్ బరువులు, కప్పీలు, తోలుపట్టాలు కూర్చి యొక నియామక సాధనమును చేసెను. గాలి మితిమీరినప్పుడు పట్టా జారి, డైనమోకు సమమైన బలమే అందును. రెండవ చిక్కు, గాలి లేనప్పుడు ఏమి చేయవలెనన్నది. అప్పట్లో బ్యాటరీలు మిక్కిలి వెలగలవి. అందుచేత ఆయన విద్యుత్తును నీటిలో ప్రసరింపజేసి, నీటిని ఉదజనిగాను ఆమ్లజనిగాను విడదీసి, ఆ వాయువులను తొట్లలో నిలువచేసెను. 1895 మొదలు 1902 వరకు ఆస్కోవ్ పాఠశాలలో ఉదజని దీపములు వెలిగినవి. అనగా నిన్నటి గాలియే నేటి రాత్రి విద్యార్థుల పుస్తకములమీద వెలుగై ప్రసరించెను.

ఇందు అపాయమును లేకపోలేదు. ఉదజనిలో కొంచెము ఆమ్లజని కలిసినను అది ప్రేలును. అట్లు ప్రేలి, పాఠశాల కిటికీల యద్దములు పలుమారులు పగిలినవి. లా కూర్ తన ప్రయోగమును ఎంత ప్రేమించినను, దానికి దాసుడు కాలేదు. ఈ పద్ధతి సామాన్యగ్రామములకు తగదని తెలిసినంతనే, 1902లో బ్యాటరీలను అమర్చి, పాఠశాలకేగాక ఊరికిని విద్యుచ్ఛక్తి నందజేసెను.

ఈ నడుమ రెక్కల విషయమును గూడ ఆయన పరీక్షించెను. చిన్న చిన్న మాదిరి రెక్కలను చేసి, గొట్టముగుండా గాలిని పంపి, ఏ యాకారమునకు ఎంత బలము కలుగునో కొలిచెను. రెక్కలెన్ని యెక్కువైన అంత మేలని పలువురు నమ్మియుండిరి. విద్యుత్తుకొరకు వేగముగా తిరుగు మరకు కొలది రెక్కలే మేలని ఆయన కొలతలవలన తేలెను. 1897లో మరియొక పెద్ద మరను కట్టించి, తన ఫలితములను 1900లోను 1903లోను గ్రంథముగా ప్రకటించెను. అవి యెల్లవారికిని వెల్లడియైనవి. ఏ పల్లె కమ్మరియైనను వానిని వినియోగించుకొనవచ్చును.

ఇచట మన యుపాధ్యాయుని దూరదృష్టి వెల్లడియగుచున్నది. మరను నిలబెట్టినంతమాత్రమున పని ముగియదని ఆయన యెఱిగెను. పట్టణమునకు దూరముననున్న పల్లెలో డైనమో చెడినచో, బ్యాటరీలోని ఆమ్లము తగ్గినచో, తుపానులో రెక్క విరిగినచో ఎవరు వచ్చి బాగుచేయుదురు? పరదేశపు ఇంజనీరు వచ్చువరకు ఊరు చీకటిలో నుండవలెనా? 1903లో గాలి విద్యుత్తు వ్యాప్తికై యొక సంఘము స్థాపింపబడెను. 1904 మొదలు లా కూర్ ఆస్కోవ్‌లో పల్లెటూరి యువకులను చేర్చుకొని, గ్రామ విద్యుత్ పనివారుగా తరిఫీదు చేయనారంభించెను. తీగలు అమర్చుటయు, యంత్రములను నడుపుటయు, చెడినప్పుడు కారణము వెదకుటయు వారు నేర్చుకొనిరి. చేతితో పనిచేయువానికి శాస్త్రజ్ఞానము అక్కరలేదను భ్రమయు, చదువుకొన్నవాడు చేయి మాపుకొనరాదను గర్వమును ఆ తరగతిలో చోటు చేసికొనలేదు.

1908వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన, తన అరువదిరెండవ యేట, లా కూర్ ఆస్కోవ్‌లో మరణించెను. ఆయన మరణానంతరము మొదటి ప్రపంచయుద్ధకాలమున బొగ్గు, నూనె దొరకక డెన్మార్కు ప్రజలు గాలిమరలను మరింత ఆశ్రయించిరి. 1918 నాటికి సుమారు 120 గ్రామ విద్యుత్కేంద్రములలో గాలిమరలుండెను. పిదప చౌకనూనెయు, పెద్ద విద్యుత్కేంద్రములును వచ్చి వానిని వెనుకకు నెట్టినవి. ఆ విద్య నశించినట్లే పలువురు తలచిరి.

నశింపలేదు. 1904లో లా కూర్ కడ నేర్చుకొన్నవారిలో యోహానెస్ యూల్ అను పదునేడేండ్ల బాలుడుండెను. అతడు విద్యుత్ పనివాడుగా జీవితము గడపి, అరువదియవ యేడు సమీపించిన పిదప మరల గాలివైపు దృష్టి మరల్చెను. 1957లో గెడ్సెర్ అను చోట అతడు నిర్మించిన మూడు రెక్కల మర 200 కిలోవాట్ల శక్తి గలది. గాలి మితిమీరి యంత్రము అదుపు తప్పబోవునప్పుడు రెక్కల కొనలు తమంతట తామే తిరిగి వేగమును తగ్గించునట్లు అతడు అమర్చెను. ఆ మర 1967 వరకు పెద్ద మరమ్మతు లేకయే నడిచెను. 1973లో నూనె కరవు వచ్చినప్పుడు ఇంజనీర్లు దానినే వెదకికొని వచ్చి పరీక్షించిరి. నేడు మన కొండలమీద కానవచ్చు మూడు రెక్కల మరలు ఆ వంశములోనివే. గురువు నాటిన విత్తనము శిష్యుని వృద్ధాప్యమున ఫలించెను.

ఇప్పుడు ఈ వృత్తిలో చేరగోరువారికి కొన్ని మాటలు చెప్పవలసియున్నది. పదవ తరగతి పిదప ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ పనిగాని ఫిట్టరు పనిగాని నేర్చినవారును, పాలిటెక్నిక్‌లో డిప్లొమా పొందినవారును దీనికి తగుదురు. పిదప ఎత్తులమీద పనిచేయుట, అగ్నినుండి తప్పించుకొనుట, గాయపడినవానికి ప్రథమచికిత్స చేయుట అను విషయములందు ప్రత్యేకశిక్షణ పొందవలెను. స్తంభముల యెత్తు నూరు మీటర్లవరకును, అంతకు మించియు నుండును. ఒడలంతటిని పట్టియుంచు రక్షణపట్టాలు బిగించుకొనక పై కెక్కరాదు. విద్యుత్తును ఆపి, ఎవరును మరల వేయకుండ తాళము బిగించిన తరువాతనే యంత్రముమీద చేయి వేయవలెను. ఉరుము వినబడినచో, గాలి హద్దు మీరినచో దిగిపోవలెను. ధైర్యమును చూపవలెనని నియమము తప్పువాడు తన ప్రాణమునేగాక తోడివాని ప్రాణమును గూడ అపాయమున పడవేయును. ఓర్పును, లెక్కయు, నిజము చెప్పు గుణమును ఈ పనికి ముఖ్యములు; బిగింపని మరను బిగించితినని పుస్తకములో వ్రాయువాడు దీనికి పనికిరాడు. ఈ గుణములు గల బాలికలకును ఇందు చోటు కలదు.

బిడ్డలు బల్లచెంత కూర్చుండి చేయు ఉద్యోగమే పొందవలెనని కోరు తలిదండ్రులకు మేము మనవి చేయునది యిది. లా కూర్ అట్టి యుద్యోగమును ముప్పదిరెండవ యేట వదలి, పల్లెబిడ్డల చేతులకు శాస్త్రము నేర్పుటకు వచ్చెను. అందువలన ఆయన పేరు తగ్గలేదు. ఆ చేతులలో రెండు అరువదేండ్ల పిదప గూడ ఒక దీపమును వెలిగించుచునే యుండినవి.