అమ్మ మాటకు అక్షరమిచ్చిన అజాయి

ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష, పుస్తకంలో మూడో భాష. మన బడి పిల్లల్లో చాలామందికి ఇది రోజూ ఉండేదే. ఇన్నింటి మధ్య మన మాట నిలుస్తుందా అని ఇంట్లో పెద్దవాళ్లు బెంగపడటం కూడా మీరు వినే ఉంటారు. ఈసారి మీకు పరిచయం చేస్తున్న మనిషి చిన్నప్పుడే ఊరిని, అమ్మను పోగొట్టుకున్నాడు. కానీ అమ్మ నేర్పిన మాటను మాత్రం పోనివ్వలేదు. ఆయన పేరు శామ్యూల్ అజాయి క్రౌదర్.

పశ్చిమ ఆఫ్రికాలో, ఇప్పటి నైజీరియా దేశానికి నైరుతి భాగంలో యొరుబా భాష మాట్లాడే జనం ఉన్నారు. అక్కడ ఒషోగున్ అనే ఊళ్లో సుమారు 1809లో ఆయన పుట్టాడు. బోర్లా పుట్టిన బిడ్డకు యొరుబా వాళ్లు అజాయి అని పేరు పెడతారు. ఆ రోజుల్లో పాత ఓయో రాజ్యం కూలిపోతూ ఉంది, ఎటు చూసినా యుద్ధాలే. యుద్ధంలో పట్టుబడ్డవాళ్లను అమ్మేసేవారు. కొనుక్కుపోవడానికి సముద్ర తీరంలో ఐరోపా వాళ్ల ఓడలు కాచుకుని ఉండేవి.

1821లో ఒక పొద్దున, ఇళ్లల్లో వంటలు అవుతుండగా, ఒషోగున్ మీద దాడి జరిగింది. అజాయి, వాళ్లమ్మ, తోబుట్టువులు పట్టుబడ్డారు. అప్పుడు వాడికి దాదాపు పన్నెండేళ్లు, అంటే మన ఏడో తరగతి పిల్లవాడి వయసన్నమాట. కొద్ది రోజుల్లోనే తల్లినీ కొడుకునూ విడదీశారు. ఆ తర్వాత వాడు ఎన్ని చేతులు మారాడో చూడండి. ఒకసారి గుర్రానికి బదులుగా ఇచ్చేశారు, ఇంకోసారి పొగాకుకూ సారాకూ మార్చుకున్నారు. చివరికి లాగోస్ రేవులో పోర్చుగీసు వ్యాపారుల చేతిలో పడ్డాడు.

1822 ఏప్రిల్‌లో వాడిని ఎక్కించుకుని ఓడ బయలుదేరింది. బ్రిటన్ 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించింది, దాని యుద్ధనౌకలు ఆ తీరంలో కాపలా తిరుగుతుండేవి. మిర్మిడన్ అనే నౌక ఈ ఓడను అడ్డగించి బానిసలను విడిపించి, సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో దింపింది. ప్రాణం దక్కింది, స్వేచ్ఛ వచ్చింది. కానీ ఇల్లు ఎక్కడో, అమ్మ ఉందో లేదో తెలియదు.

ఫ్రీటౌన్‌లో అజాయి బళ్లో చేరాడు. మొదటి రోజు పాఠం అవగానే ఊళ్లోకి పరుగెత్తి, తన ప్రాంతం మనిషి దగ్గర అర పెన్నీ అడిగి తీసుకుని, సొంతానికి ఒక అక్షరాల అట్ట కొనుక్కున్నాడని చెబుతారు. కొద్ది నెలల్లోనే చదవడం వచ్చేసింది. 1825లో క్రైస్తవ మతం తీసుకున్నప్పుడు శామ్యూల్ క్రౌదర్ అనే పేరు వచ్చింది. 1827లో ఫౌరా బే విద్యాలయం తెరిస్తే, అందులో చేరిన తొలి విద్యార్థుల్లో ఆయన ఒకడు. తర్వాత బడిపంతులు అయ్యాడు. తనలాగే బానిసత్వం నుంచి బయటపడి పంతులమ్మ అయిన అసానోను పెళ్లి చేసుకున్నాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. బాగా ఇంగ్లిష్ వచ్చింది, కొత్త పేరు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. పాత భాషతో ఇంక పనేముంది అనుకుని వదిలేయొచ్చు. ఫ్రీటౌన్‌లో ఎక్కడెక్కడి నుంచో వచ్చిపడ్డ జనం ఎన్నో భాషలు మాట్లాడేవాళ్లు, ఇంగ్లిషే పైకి తెచ్చే భాష. క్రౌదర్ మాత్రం ఆ చుట్టుపక్కల వాళ్ల టెమ్నె భాషను కూడా నేర్చుకోవడం మొదలుపెట్టాడు. సొంత యొరుబాను కాగితం మీద పెట్టే పనిలో దిగాడు. 1843లో ఆయన యొరుబా పదకోశం అచ్చయింది. అదే ఏడాది లండన్‌లో పాదిరీగా నియమితుడై, తిరిగి వచ్చాక ఫ్రీటౌన్‌లో యొరుబాలోనే ప్రార్థన నడిపాడు.

ఆ భాషను రాయడం తేలిక కాదు. మన దగ్గర దీర్ఘం ఎగిరిపోతే వాడ కాస్తా వడ అయిపోతుంది కదా! యొరుబాలో దీర్ఘం కాదు, గొంతు ఎత్తడం దించడం మీద అర్థం మారుతుంది. అవే అక్షరాలున్న మాట ఒక పలుకులో మొగుడు, ఇంకో పలుకులో మట్టి తవ్వే పనిముట్టు, మరో పలుకులో పడవ. బయటివాళ్ల చెవికి అన్నీ ఒకటిగానే వినిపిస్తాయి. క్రౌదర్‌కు అలా కాదు, అది అమ్మ ఒళ్లో విన్న పలుకు. అయినా తనకు తెలిసింది చాలనుకోలేదు. ముసలివాళ్లు మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని విని, మాటలనూ సామెతలనూ రాసిపెట్టుకునేవాడు.

1846లో ఆయన యొరుబా నేలకు తిరిగి వచ్చి అబెయోకుటా పట్నంలో కాపురం పెట్టాడు. ఆ ఆగస్టులో అమ్మ అఫాలా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఆమె కూడా బానిసగా చేతులు మారి, చివరికి తనవాళ్లు డబ్బు కట్టి విడిపించగా, దగ్గర్లోనే బతుకుతోంది. ఇరవై అయిదేళ్ల తర్వాత కొడుకును చూసి వణికిపోయింది. ఇద్దరికీ మాట రాలేదు. చేతులు పట్టుకుని ఒకరినొకరు చూస్తూ ఉండిపోయారు. మాట వచ్చాక మాత్రం మధ్యలో దుబాసీ అవసరం పడలేదు. కొడుకు ఆ భాషను వదిలేసి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

క్రౌదర్ నైజర్ నది వెంట ఎన్నో ప్రయాణాలు చేశాడు. ఇగ్బో భాషకు 1857లో వాచకం రాశాడు, నూపె భాష మీద కూడా పనిచేశాడు. 1862లో ఆయన ఇల్లు తగలబడి, పదకొండేళ్లుగా కూడబెట్టిన మాటలు, సామెతల రాతలన్నీ బూడిదైపోయాయి. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. అయినా చతికిలపడలేదు. ఇంకొందరితో కలిసి సాగించిన యొరుబా బైబిల్ అనువాదం 1884కు పూర్తయింది. ఓయో, ఎగ్బా, ఇజెబు అంటూ ఎవరి యాస వాళ్లు, ఎవరి పేరు వాళ్లు చెప్పుకునే జనానికి ఒక ఉమ్మడి రాత భాష కుదిరింది. తామంతా యొరుబా వాళ్లమనే భావం గట్టిపడటానికి ఆ రాత భాష ఎంతో తోడ్పడింది.

1864లో ఆయన్ని ఆంగ్లికన్ చర్చి బిషప్‌గా చేసింది. ఆ పదవి పొందిన మొదటి నల్లజాతి ఆఫ్రికన్ ఆయనే. అయితే కథ అక్కడ సుఖంగా ముగియలేదు. ఐరోపా రాజ్యాలు ఆఫ్రికాను పంచుకునే రోజులు వచ్చేసరికి, నల్లవాళ్లు పెద్ద పదవుల్లో ఉండకూడదనే ధోరణి బలపడింది. 1890లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన కుర్ర మిషనరీలు, ఎనభై దాటిన ఆ పెద్దాయన మాటను పక్కనపెట్టి, ఆయన కింద పనిచేసేవాళ్లను తొలగించారు. ఆయన కమిటీ నుంచి తప్పుకున్నాడు. 1891 డిసెంబర్ 31న లాగోస్‌లో కన్నుమూశాడు. ఆయన స్థానంలో తెల్ల బిషప్‌నే పెట్టారు.

కానీ ఆయన నాటింది ఊరికే పోలేదు. అల్లుడు 1859లో లాగోస్‌లో గ్రామర్ స్కూల్ పెట్టాడు, నైజీరియాలో మొదటి ఉన్నత పాఠశాల అదే. ఆ అల్లుడి పేరు థామస్ బాబింగ్టన్ మెకాలే. మన చరిత్ర పాఠాల్లో వచ్చే మెకాలే వేరు, ఈయన వేరు, కలగలపకండి! మనవడు హెర్బర్ట్ మెకాలే 1923లో రాజకీయ పార్టీ స్థాపించి బ్రిటిష్ పాలనను ఎదిరించాడు. నైజీరియా జాతీయోద్యమానికి ఆద్యుడిగా ఆయన్ని తలుచుకుంటారు. 1960 అక్టోబర్ 1న ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది.

చూశారా, క్రౌదర్ ఇంగ్లిష్‌ను వద్దనలేదు, పక్కవాళ్ల భాషలను చిన్నచూపు చూడలేదు. అన్నీ నేర్చుకున్నాడు. నేర్చుకున్న చదువునంతా పెట్టుబడిగా పెట్టి అమ్మ మాటను నిలబెట్టాడు. పదవి లాక్కోగలిగారు గానీ ఆ పనిని ఎవరూ లాక్కోలేకపోయారు.

అందుకే పిల్లలూ, ఈ సెలవుల్లో ఒక నోటుబుక్కు తీసుకుని అమ్మమ్మ దగ్గరో తాతయ్య దగ్గరో కూర్చోండి. మీ పుస్తకంలో లేని పది మాటలు, రెండు సామెతలు అడిగి, వాళ్లు పలికినట్టే రాసుకోండి. అమ్మానాన్నలూ, మీరు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఉండండి, మిగతా భాషలు ఎలాగూ వస్తాయి. ఆ నోటుబుక్కు మాత్రం జాగ్రత్తగా దాచండి.